ఊ కొట్టేవాళ్లు

మా వీధి మలుపులో రోజూ ఉదయం ఒక బడి ఆటో ఆగుతుంది. డ్రైవరు హారన్ కొట్టడం, ఏదో ఒక ఇంట్లోంచి రెండో జడకు రిబ్బను ముడి వేసుకుంటూ ఒక పిల్ల పరుగున రావడం, పుస్తకాల సంచులు ఆటో పక్కన కొక్కేలకు తగిలించడం, ఇదంతా మొక్కలకు నీళ్లు పోస్తూ చూస్తుంటాను. అందులో ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలుంటారు. చిన్నవాళ్లు ముందు, పెద్దవాళ్లు వెనక. ముందు వైపు నుంచి మాటలు ఆగవు. రాత్రి కరెంటు పోయిందని, తాతయ్య పళ్లు తీసి గ్లాసులో పెట్టుకుంటాడని, పెరట్లో పిల్లి పిల్లల్ని పెట్టిందని, అందులో ఒకటి ఇంకా కళ్లు తెరవలేదని. ఎవరూ అడగక్కర్లేదు. డ్రైవరు సంచులు సర్దుతూనే "ఆహా, తర్వాత?" అంటుంటాడు. మధ్య వరసకు వచ్చేసరికి మాట కొంచెం పలచబడుతుంది. వెనక కూర్చున్న తొమ్మిది, పది తరగతుల పిల్లలు బయటికి చూస్తుంటారు. ఎప్పుడైనా నేనే పలకరిస్తాను. "పరీక్షలెలా రాశావమ్మా?" "బానే." "బడిలో ఏం చెబుతున్నారు?" "ఏం లేదాంటీ." తరగతి పెరిగేకొద్దీ మాట తరిగిపోవడం ఒకే ఆటోలో ఇలా వరసగా కనిపిస్తుంటే మనసు కొన్నాళ్లుగా కుదురుగా ఉండటం లేదు.

ఇది నా చాదస్తమేమో అని కూడా అనుకున్నాను. ఈడొచ్చిన పిల్లలు పెద్దవాళ్ల ముందు ముభావంగా ఉండటం ఇవాళ కొత్తా? వాళ్లలో వాళ్లు ఫోన్లలో, మైదానంలో గంటలకొద్దీ మాట్లాడుకోవడం లేదా? నిజమే, స్నేహితుల మధ్య వాళ్ల నోటికి ఏ లోటూ లేదు. కానీ తనకు తెలిసినదాన్ని తెలియని మనిషికి అర్థమయ్యేలా చెప్పడం ఒకటుంది. ఒప్పుకోలేని మాటను ఒప్పుకోనని మర్యాదగా చెప్పడం ఉంది. అర్థం కానిదాన్ని నలుగురిలో లేచి అడగడం ఉంది. స్నేహితుల మధ్య వీటి అవసరం పెద్దగా రాదు, సగం మాటతోనే ఒకరికొకరు అర్థమైపోతారు. ఇంట్లోనూ అంతే, అమ్మకు ముఖం చూస్తే తెలిసిపోతుంది. మరి ఈ విద్య పిల్లలు ఎక్కడ నేర్చుకోవాలి? పదేళ్లపాటు, పగలంతా గడిపే చోటనే కదా.

ఆ చోటు నోటికి ముందుగా నేర్పేదేమిటో మనందరికీ గుర్తే. చేతులు కట్టుకో, నోటిమీద వేలేసుకో. తర్వాత అందరూ కలిసి ఎక్కాలు, అందరూ కలిసి పద్యం, హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ సార్". పద్యాలూ ఎక్కాలూ వద్దనే మనిషిని కాను. సుమతీ శతకం, వేమన పద్యం గొంతెత్తి చదివిన పిల్లకు నాలుక తిరుగుతుంది, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలుస్తుంది, అది చిన్న విషయం కాదు. కానీ ఆ మాటలు ఇంకొకరివి. పిల్ల తన సొంత మాట అనే చోటు పాఠం మధ్యలో వచ్చే ప్రశ్న దగ్గర ఉండాలి. ఆ ప్రశ్నలేమో అడిగేవాళ్లకు జవాబు ముందే తెలిసినవి. "భారతదేశ రాజధాని ఏది?" ఒక మాట చాలు, చెప్పి కూర్చోవచ్చు. మన తెలుగు వాచకాల్లో పాఠానికి ముందు బొమ్మ వేసి, దాని గురించి మాట్లాడమని ప్రశ్నలిస్తారు. అభ్యాసాల్లో వినడం, ఆలోచించి మాట్లాడడం అనే శీర్షికే ఉంటుంది. ఆ పుస్తకాలు రాసినవాళ్ల మనసు మంచిది. అయితే మాట్లాడమన్న ఆ ప్రశ్నకు జవాబు గైడులో అచ్చవుతుంది, బోర్డు మీదికి ఎక్కుతుంది, నోట్సులోకి దిగుతుంది. ఒక్కరూ నోరు విప్పకుండానే ఆ శీర్షిక పూర్తయిపోతుంది.

ఎందుకిలా అవుతుంది అని ఆలోచిస్తే నాకు ముందుగా మా అమ్మమ్మ గుర్తొస్తుంది. ఎండాకాలం రాత్రుళ్లు ఆరుబయట మంచాలేసుకుని పడుకున్నప్పుడు ఆమె కథ చెప్పాలంటే ఒక షరతు ఉండేది, మేం ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగిపోయేది. మేం నిద్రపోయామో లేదో తెలుసుకోవడానికే అలా అడిగేదని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడనిపిస్తోంది, అవతల ఒకరు వింటున్నారని తెలియకపోతే ఆమెకు కథ సాగేది కాదు. మన కళలన్నీ ఇలాగే అల్లుకున్నాయి కదా. బుర్రకథలో కథకుడు ఒక్కడే ఉండడు, పక్కన ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యమాడతారు, ఒకరు రాజకీయం కలుపుతారు, ఇద్దరూ కథకుణ్ని సందేహాలు అడిగి ముందుకు తోస్తారు. అష్టావధానంలో అవధాని చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుంటారు. వాళ్లలో అప్రస్తుత ప్రసంగం చేసేవారి పని అడ్డు తగలడమే. తిరుపతి వేంకట కవులంతటివాళ్లు ఊరూరా సభలు చేస్తే, ఆ ఊళ్లలో అడగగలిగినవాళ్లు కూడా ఉండబట్టే ఆ సభలు నడిచాయి. చెప్పేవాళ్లను వినేవాళ్లే తయారుచేస్తారని మన పెద్దవాళ్లకు బాగా తెలుసు. బడిలో పిల్లల మాట గురించి ఆలోచించేటప్పుడు మాత్రం మనం నోటి దగ్గరే ఆగిపోతున్నాం. స్పోకెన్ ఇంగ్లిష్ తరగతి, వ్యక్తిత్వ వికాసం, వక్తృత్వ పోటీ. ఎదురుగా కూర్చుని వినేవాళ్లెవరు, వాళ్లకు వినడం ఎంత వచ్చు అని అడగడం లేదు. పిల్ల తరగతి తరగతికీ మాటలో ఎదగాలంటే ఎదుట ఊ కొట్టేవాళ్లు కూడా తరగతి తరగతికీ ఎదగాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఒకటో తరగతి పిల్లకు ఉత్త ఊ చాలు. ఆ ఊ ఎంత విలువైనదో చెప్పడానికి నా దగ్గరొక జ్ఞాపకం ఉంది. చిన్నప్పుడు మా తరగతిలోకి విజయనగరం వైపు నుంచి ఒకమ్మాయి కొత్తగా వచ్చి చేరింది. ఒకరోజు మాస్టారు ఏదో అడుగుతుంటే ఉత్సాహంగా లేచి "నాను సూసినాను సార్" అంది. తరగతంతా నవ్వింది. మాస్టారు "నాను కాదు, నేను. సూసినాను కాదు, చూశాను. ఏదీ, అను" అని రెండుసార్లు అనిపించి కూర్చోబెట్టారు. ఆయన చెడ్డవారు కాదు, భాష దిద్దడం తన పని అనుకున్నారు. కానీ ఆ పిల్ల ఏం చూసిందో ఆయనా అడగలేదు, మేమూ అడగలేదు. ఆ ఏడాదంతా ఆమె గొంతు మళ్లీ విన్న గుర్తు లేదు నాకు. ఇవాళ్టికీ గట్ల, గిట్ల అన్నందుకు, ఏటి అన్నందుకు, నోరు మూసుకున్న పిల్లలు ఎంతమంది ఉంటారో! ఇంటి మాటతోనే పిల్ల లోకాన్నంతా పట్టుకుంది. ఆ మాట పనికిరాదని మొదటిరోజే అంటే ఇక చేతికి ఏ ఊతం మిగులుతుంది?

గిడుగు రామమూర్తి పంతులుగారిని మనం ఆగస్టు 29న దండలు వేసి తలుచుకుంటాం. ఆయన వాడుక భాష కోసం పోరాడిన సంగతి అందరికీ తెలుసు. అంతకన్నా ముందు ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం బడి పెట్టి, వాళ్ల భాషలోనే పాఠాలు తయారుచేశారు. పిల్లలకు పాఠం చెప్పాలంటే ముందు వాళ్ల మాట తనకు అర్థం కావాలని అనుకున్న ఉపాధ్యాయుడాయన. వాడుక భాష ఉద్యమానికి ఒక కదలిక కూడా తరగతి గదిలోంచే వచ్చింది. బడుల పర్యవేక్షణకు వచ్చిన యేట్స్ దొరకు పుస్తకాల్లోని తెలుగుకూ చుట్టూ వినిపించే తెలుగుకూ ఉన్న దూరం వింతగా తోచింది. తర్వాత పరీక్షల్లో వ్యాసం ఏ భాషలో రాయాలన్న దానిమీద పెద్ద యుద్ధమే నడిచింది. మెల్లగా వాడుక భాషే గెలిచింది. మాట్లాడే భాష పుస్తకంలోకి వచ్చేసింది, మాట్లాడటం మాత్రం బడి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో కోయ, గోండి, కొలామి, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో చిన్న తరగతులకు చదువు మొదలుపెట్టినప్పుడు పంతులుగారి దారి మళ్లీ తెరుచుకుందని సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ దారిని అన్ని బడులకూ, తెలుగులోనే ఉన్న ఇన్ని తెలుగులకూ పరచాల్సింది.

రెండు, మూడు తరగతులకు వచ్చేసరికి ఊ సరిపోదు. అప్పుడు కావలసింది మా ఆటో డ్రైవరు అనే మాట, "తర్వాత?" ఒక సంగతిని మొదలుపెట్టి చివరిదాకా తీసుకెళ్లడం ఆ వయసులో పెద్ద పనే. తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన 'తొత్తోచాన్' మన తెలుగులో 'రైలుబడి'గా ఎన్నో ఇళ్లకు చేరింది. కొత్తగా చేరడానికి వచ్చిన తొత్తోచాన్ కబుర్లను హెడ్మాస్టరు కోబయాషిగారు గంటల తరబడి కూర్చుని విన్న ఘట్టం అందరికీ గుర్తుంటుంది. నేను మళ్లీ మళ్లీ తెరిచేది మధ్యాహ్న భోజనాల ఘట్టం. రోజుకొకరు లేచి అందరి ముందూ ఏదో ఒకటి చెప్పాలి. ఒక అబ్బాయి తన దగ్గర చెప్పడానికేమీ లేదంటాడు. కోబయాషిగారు వాణ్ని వదిలేయరు, గద్దించరు. పొద్దున లేచాక ఏం చేశావో అక్కడి నుంచి మొదలుపెట్టిస్తారు. వాడు లేచానంటాడు, తర్వాత అంటూ తల గోక్కుంటాడు, పళ్లు తోముకున్నానంటాడు, బడికొచ్చానంటాడు. అంతే, అదే వాడి ఉపన్యాసం. అందరూ చప్పట్లు కొడతారు. ఎంత మామూలు సంగతి! కానీ వాడు తడుముకుంటున్నంతసేపూ ఆ పెద్దాయన మధ్యలో మాట అందించకుండా ఆగారు చూడండి, కష్టమంతా అక్కడుంది.

మనకు ఆగడం రాదు. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో సైన్సు తరగతుల రికార్డింగులు విని ఒక విషయం గమనించారు. టీచరు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగేది సుమారు ఒక్క సెకను. ఈలోగా పిల్లలు పలక్కపోతే ఇంకొకరిని అడుగుతారు, లేదా తామే చెప్పేస్తారు. అదే మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, అంతవరకూ నోరు విప్పనివాళ్లు విప్పుతారు, తెలీదనడం తగ్గుతుంది. మూడు సెకన్లు! దీనికి జీవో అక్కర్లేదు, నిధులక్కర్లేదు. అయినా ఇది తేలికని అనలేను. సిలబస్ మిగిలిపోయిన మాస్టారికి ఆ నిశ్శబ్దం భారంగానే ఉంటుంది. పిల్ల ఆలోచిస్తోందా, భయంతో బిగుసుకుపోయిందా అన్నది మొహంలో చదవాలి కూడా. నత్తి ఉన్న పిల్లవాడి విషయంలో అయితే వాడి వాక్యాన్ని మనం పూర్తిచేయకుండా ఉండటమే వాడికి మనమిచ్చే గౌరవం.

నాలుగు, అయిదు దాటి ఎనిమిది దాకా ఉండే వయసు ఉందే, దాని గురించి నాకు బెంగ ఎక్కువ. మాట పలచబడేది అక్కడే. ఈ పిల్లలకు "తర్వాత?" అంటే విసుగు, "ఎందుకని?" అనాలి. సంక్రాంతికి గాలిపటం ఎందుకు ఎగరలేదో చెప్పమనండి, మీ ఊరి చెరువు ఎందుకు ఎండిందో చెప్పమనండి. చెబుతూ చెబుతూ వాళ్లే ఆగి, అలా కాదు కాదు అని మాట మార్చుకుంటారు. ఆ మాట మార్చుకోవడంలోనే ఆలోచన జరుగుతోంది. డగ్లస్ బార్న్స్ అనే ఇంగ్లండు విద్యావేత్త తడుముకుంటూ వెతుక్కునే మాట వేరు, సిద్ధం చేసుకుని ఒప్పజెప్పే మాట వేరు అన్నారు. చదువు ఎక్కువగా మొదటి రకం మాటలోనే జరుగుతుందని ఆయన వాదన. మన బడులు రెండోదానికే బల్లలు వేసి చప్పట్లు కొడతాయి. మొదటిదానికి మన దగ్గరున్న పేరు 'గోల'.

గోల మాట వచ్చింది కాబట్టి లెక్క కూడా చెప్పుకోవాలి. నలభైమంది పిల్లలు, నలభై అయిదు నిమిషాల పీరియడ్. మాస్టారు ఒక్కముక్క పాఠం చెప్పకపోయినా తలకొక నిమిషం వస్తుంది. కాబట్టి పిల్లలందరూ మాట్లాడాలంటే వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఇద్దరిద్దరుగా, నలుగురు నలుగురుగా. అప్పుడు గదిలోంచి చప్పుడు వస్తుంది. వరండాలో నడిచే ప్రధానోపాధ్యాయుడు ఆ చప్పుడు విని, ఈ టీచరుకు క్లాసు అదుపులో లేదనుకోకూడదు. చప్పుడులో తేడా ఉంటుంది, చెవి పెడితే తెలిసిపోతుంది. ఈ వయసువాళ్లకు ఇంకో పని కూడా అప్పజెప్పాలి, ప్రశ్నలు తయారుచేసుకోవడం. ఊళ్లో మగ్గం నేసే ఆయన్నో, పోస్టుమ్యాన్‌నో, అంగన్‌వాడీ ఆయమ్మనో తరగతికి పిలిచి అడగమనాలి. వచ్చినవాళ్లు చెప్పిన జవాబులోంచి ఇంకో ప్రశ్న పుట్టించగలిగిన పిల్ల నిజంగా విన్నట్టు. మంచి ప్రశ్న అడిగినందుకు మార్కు వేసే బడి ఎక్కడైనా ఉందా? ఉంటే ఆ ఊరు చూసి రావాలని ఉంది.

ఒకప్పుడు మన దగ్గర పిల్లల గొంతుకు ఎంత పెద్ద చోటుండేదో తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు, అంటే మన రేడియో అన్నయ్య, అక్కయ్య, 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు, 1945లో 'బాల' పత్రిక తెచ్చారు. రేడియో బాలానందంలో పిల్లలే మాట్లాడేవారు, పిల్లలే నాటకాలు వేసేవారు. ఎక్కడో తమలాంటి పిల్లల గొంతు రేడియోలోంచి వస్తుంటే, మాకూ నోరుందని తెలుగునాట పిల్లలకు తోచేది. బడుల్లో శనివారం బాలసభలు ఉండేవి. కొన్నిచోట్ల ఇప్పుడూ ఉన్నాయి, బతికించుకుంటున్న టీచర్లకు దండం పెట్టాలి. బావిలాంటిది మాట, తోడుతుంటేనే ఊరుతుంది. వారానికో పీరియడ్ తోడినా పదేళ్లకు ఎంత ఊరుతుంది!

ఇక తొమ్మిది, పది. ఈ పిల్లలకు కావలసింది పృచ్ఛకులు. "నేను ఒప్పుకోను, ఒప్పించు" అనే పెద్దవాళ్లు కావాలి. ఆ మాట ప్రేమతో అనగలిగినవాళ్లు కావాలి. పంద్రాగస్టు సభలో తండ్రి రాసిచ్చిన ప్రసంగాన్ని ఊపిరాడకుండా ఒప్పజెప్పి దిగిపోయే పిల్లవాణ్ని చూస్తే జాలేస్తుంది. వాడి కంఠం బాగుంది, ధైర్యం బాగుంది. ప్రసంగం అయ్యాక ఒక్క ప్రశ్న, ఒకే ఒక్క ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే వాడికి ఆ రోజు మర్చిపోలేనిదయ్యేది. ఇక ఆడపిల్లల విషయం వేరే చెప్పాలి. సరిగ్గా ఈ వయసులోనే ఇంట్లో, "ఏంటా గొంతు, వీధిలోకి వినపడుతోంది" అనడం మొదలవుతుంది. బడి కూడా అదే అంటే ఆ గొంతు ఎక్కడికి పోవాలి? ఆ తర్వాత రెండేళ్లు ఇంటర్, పొద్దున్నుంచి రాత్రి దాకా వినడం, రాయడం. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో కంపెనీలు వచ్చి "నీ గురించి చెప్పు" అంటాయి. సెల్ఫ్ ఇంట్రడక్షన్ కూడా బట్టీపట్టి వచ్చిన ఆ పిల్లలను ఇంగ్లిష్ రాదని తిడతాం. నాకు ఆ తిట్టు అన్యాయంగా తోస్తుంది. తన గురించి తను ఏ భాషలోనైనా ఎవరికైనా చెప్పుకున్న అనుభవం వాళ్లకు ఎప్పుడు కలిగిందని! ఇంగ్లిష్ రావాలి, తప్పకుండా రావాలి. పేద పిల్లలకు మరీ రావాలి. తెలుగులో కారణం చెప్పగలిగిన పిల్ల ఆ కారణాన్ని రేపు ఇంగ్లిష్‌లోకి మోసుకెళ్తుంది. మోయడానికి ఏమీ లేని పిల్లకు ఏ భాష ఇచ్చి ఏం లాభం?

దేశమంతా చదువును కొలుస్తున్నారు. 2005 నుంచి అసర్ సర్వే నివేదికలు ఏ పిల్ల ఏ తరగతి పాఠం చదవగలదో, తీసివేత చేయగలదో చెబుతున్నాయి. 2021లో వచ్చిన నిపుణ్ భారత్ పథకం చిన్న తరగతుల్లో నోటి భాషకు చోటిచ్చింది, అది మంచి అడుగు. ఆ అడుగు మూడో తరగతి దగ్గర ఆగిపోకూడదు. పదో తరగతి పరీక్షల్లో పిల్ల చేతిని అన్ని పేపర్లలోనూ పరీక్షిస్తాం, గొంతును ఒక్క పేపర్లోనూ అడగం. మాటకు మార్కులు పెట్టాలా అన్నది మాత్రం నాకు తేలడం లేదు. పెడితే దానికీ ఒక గైడు వస్తుంది, మోడల్ జవాబులొస్తాయి. పెట్టకపోతే పీరియడే రాదు. తొమ్మిదో తరగతి దాకా మార్కులు లేకుండా వారానికి రెండు పీరియడ్లు మాటకే వదిలి, పదిలో మాత్రం పిల్ల తను ఎంచుకున్న విషయం మీద పది నిమిషాలు మాట్లాడి, బయటి ఊరి టీచరు అడిగే ప్రశ్నలకు జవాబు చెబితే ఎలా ఉంటుందా అనుకుంటాను. అప్పటికి ఆ పిల్ల వెనక పదేళ్ల ఊ, తర్వాత, ఎందుకని ఉంటాయి కాబట్టి గైడు పెద్దగా అక్కరకు రాదేమో.

వచ్చే నెలలో మా మేనకోడలి బడిలో తల్లిదండ్రుల సమావేశం ఉంది. వాళ్లమ్మతో నేనూ వెళ్తున్నాను. మార్కుల కాగితం చూశాక వాళ్ల క్లాస్ టీచర్‌ని ఒకటి అడగాలి. ఈ మూడు నెలల్లో మా పిల్ల తరగతిలో ఏ విషయం మీదైనా రెండు నిమిషాలు వరసగా మాట్లాడిందా, మాట్లాడితే ఏమంది? ఆవిడ దగ్గర జవాబు లేకపోతే తప్పుపట్టను, నలభైమందిని ఒక్క మనిషి వినలేదు. మా వీధిలోనే రిటైరైన పోస్టుమాస్టరుగారున్నారు, కథలు చెప్పే ఒక నర్సమ్మ ఉన్నారు, మధ్యాహ్నం పూట ఖాళీగా ఉండే అమ్మమ్మలు నలుగురున్నారు. శనివారం ఆఖరి పీరియడ్‌లో తలా ఓ అరడజనుమంది పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని వినడానికి మమ్మల్ని రానిస్తారేమో అడుగుతాను. ఆవిడ సరేనంటే ఏ తరగతి అయినా నాకు ఇష్టమే, కానీ ఎనిమిదో తరగతి ఇవ్వమని మాత్రం బతిమాలతాను.